రెండోసారి పలికిన అంకె

"నాలుగు పాయింట్ ఆరు," అంటుంది ఆమె, లాంచీ కింద వెల్లకిలా పడుకుని.

"నాలుగు పాయింట్ ఆరు," అంటాడు ఆమె భర్త, పక్కనే పొట్టి పీట మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని. పైకి అన్నాకే కాగితం మీద రాస్తాడు.

"నాలుగు పాయింట్ నాలుగు."

"నాలుగు పాయింట్ నాలుగు."

పదహారేళ్ళుగా ఇదే వరస. కొత్తగా చూసినవాళ్ళు ఆయన పెళ్ళాన్ని వెక్కిరిస్తున్నాడనుకుంటారు. పడవల మరమ్మతు యార్డులో వాళ్ళకి మాత్రం అలవాటైపోయింది. ఆమెని అంకెలమ్మ అంటారు, ఆయన్ని మాస్టారు అంటారు. మాస్టారు ఏనాడూ బడిలో పాఠం చెప్పింది లేదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. అక్కడ ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చుకాగితం మీద వేలు పెట్టుకుని పోల్చుకునేవారు. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుందని ఆయన నమ్మకం. అచ్చాఫీసు మూతపడ్డాక ఆ నమ్మకం ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆమె పని రేకుల మందం కొలవడం. పడవ అడుగైనా, నీళ్ళ ట్యాంకైనా, గొట్టమైనా మనకి ఒక పక్కే కనిపిస్తుంది. అవతలి పక్క తుప్పు ఎంత తినేసిందో కోయకుండా, బెజ్జం వెయ్యకుండా తెలుసుకోవాలి. దానికి ఆమె దగ్గర అరచేతిలో ఇమిడే ఒక మీటరు, దానికి తీగతో తగిలించిన బొటనవేలంత ప్రోబు ఉన్నాయి. రేకు మీద ఒక చుక్క గ్లిజరిన్ వేసి ప్రోబు ఆనిస్తే, మనిషి చెవికి అందనంత సన్నని శబ్దం ఇనుములోకి దిగి, అవతలి అంచుని తాకి, వెనక్కి వస్తుంది. వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి మీటరు మందం చెప్తుంది. మధ్యలో వెంట్రుకంత గాలి ఉన్నా ఆ శబ్దం గుమ్మంలోనే ఆగిపోతుంది. గ్లిజరిన్ అందుకే.

"ఏదీ, నా తల మీద ఓసారి పెట్టి చూడు, ఎంత మందమో తెలుస్తుంది," అన్నాడు భర్త ఒకసారి.

"లోపల గాలి ఉంటే అంకె రాదండీ," అంది ఆమె.

ఆ మాట ఆయనే యార్డంతా చెప్పుకుని తిరిగాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు: ఇన్నేళ్ళ గ్లిజరిన్ వల్ల ఆమె చేతులకి మాత్రం వయసు రాలేదట. మొహం యాభై నాలుగేళ్ళది, చేతులు పెళ్ళినాటివి.

ఆమె తల్లి బట్టలు కుట్టేది. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇది ఎన్ని ఉతుకులకి చీకిపోతుందో చెప్పేది. కూతురికి ఆ వేళ్ళు వచ్చాయి గానీ కుట్టు మీద మనసు పోలేదు. గొట్టాల ఫ్యాక్టరీ స్టోర్సులో చీటీలు అంటించే పనిలో చేరింది. ఒకరోజు తనిఖీకి వచ్చిన ఇంజనీరు చెయ్యి ఖాళీ లేక, "అమ్మాయ్, ఇది కాస్త పట్టుకో," అని ప్రోబు ఆమె చేతికిచ్చాడు. మీటరు మీద ఏడు పాయింట్ నాలుగు అని వచ్చింది. ఆ గొట్టాన్ని అక్కడే రంపంతో కోయించి, అంచు మీద కొలబద్ద పెట్టి చూశాడాయన. ఏడు పాయింట్ నాలుగే. ఆ సాయంత్రం ఆమె బస్సు దిగాల్సిన చోట దిగలేదు. కిటికీ ఊచ పట్టుకుని, దాని లోపల ఎంత ఉంటుందో అనుకుంటూ చివరి స్టాపు దాకా వెళ్ళిపోయింది.

ఆ ఫ్యాక్టరీలోనే పదకొండేళ్ళు కొలతలు తీసింది. తర్వాత ఒక పాత మీటరు కొనుక్కుని సొంతంగా పని పెట్టుకుంది. లాంచీలు, బాయిలర్లు, వీధిదీపాల స్తంభాలు. ఇంట్లో మెట్ల రెయిలింగు రెండు పాయింట్ మూడు. ఇత్తడి గిన్నె అడుగున ఒకటి పాయింట్ తొమ్మిది, అంచున ఒకటిన్నర. కూతురు చిన్నప్పుడు పాలు తాగిన స్టీలు గ్లాసు అయితే మీటరుకి అందనంత పల్చన. ఎవరూ అడక్కపోయినా ఇవన్నీ ఆమెకి గుర్తుంటాయి.

కొలిచేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటుంది. అంకె కోసం తెరవాలి కాబట్టి తెరుస్తుంది, మళ్ళీ మూసుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో తనూ శబ్దంతో పాటు లోపలికి వెళ్తున్నట్టుంటుంది. లోపల చీకటి. చల్లగా, వాసన లేని చీకటి. అందులో పరుగు ఉండదు. తెల్లవారుజామున మంచులో వీధి దాటుతున్నట్టు నింపాదిగా నడుస్తుంది. అవతలి గోడ ఎదురవుతుంది. మంచి ఇనుమైతే గోడ చేతికి నున్నగా తగులుతుంది, తుప్పు తిన్నదైతే పీచులు లేచిన గుడ్డ అంచులా ఉంటుంది. తాకి వెనక్కి తిరుగుతుంది. తిరిగొచ్చేసరికి బయట ఒక గొంతు అదే అంకెని పలుకుతూ ఉంటుంది. ఆ గొంతు విన్నాకే ఆమె నిజంగా బయటికి వచ్చినట్టు లెక్క.

ఈసారి ఆ గొంతు లేదు.

అంతకు ముందు ఆదివారం కూతురితో ఫోన్లో మాట్లాడుతూ భర్త అన్నాడు: "మీ అమ్మకి కుడి చెవి సరిగ్గా వినపడట్లేదే. రెండేసి సార్లు చెప్పాల్సి వస్తోంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు."

ఆమె వంటింట్లో ఉంది. కుళాయి పారుతోంది. అయినా విన్నది.

"ఇది మాత్రం బాగానే వినపడింది," అంది గుమ్మంలో నిలబడి. "చెవిటిదాన్నని ఊరంతా టాంటాం వెయ్యండి, ఉన్న పని కూడా పోతుంది."

"ఊరంతానా? అమ్మాయితో అన్నాను."

"నాతో మాట్లాడకండి."

ఆయన మాట తప్పే మనిషి కాదు. మాట్లాడటం మానేశాడు. కావలసినవి పెన్సిలుతో చీటీ మీద రాసి బల్ల మీద పెట్టేవాడు. 'కూరలో ఉప్పు తక్కువ.' 'తువ్వాలు ఆరలేదు.' ప్రతి వాక్యానికీ ఫుల్‌స్టాపు. ఆమె చదివి, మడిచి, పోపుడబ్బా కింద పెట్టేది. మంగళవారం నాటికి అవి తొమ్మిదయ్యాయి.

మంగళవారమే లాంచీ పని. అది నది దాటించే పాత లాంచీ. ఇరవై రోజులుగా యార్డులో దిమ్మల మీద ఉంది. అడుగు రేకులు కొత్తలో అయిదు మిల్లీమీటర్లు. రెండు కంటే తగ్గినచోట రేకు కోసేసి కొత్తది అతకాలి, రెండు దాటితే నీళ్ళలోకి దించొచ్చు. మధ్యాహ్నం మూడింటికి దించాలని యార్డు మేస్త్రీ నిర్ణయించేశాడు. లాంచీ నడిపే సరంగు అవతలి ఒడ్డుకి కబురు కూడా పెట్టాడు. మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పులో బడిపిల్లలే నలభై మంది ఎక్కుతారు.

మేస్త్రీ ఆమెకి గళ్ళు గీసి, గడికొక చోట గ్రైండరుతో రంగు గీకించి ఉంచాడు. ఆమె మెట్ల దిమ్మ తీసింది. అయిదు మెట్లుగా కోసిన ఇనుప ముక్క అది. ఏ మెట్టు ఎంత మందమో ముందే తెలుసు కాబట్టి, దాని మీద పెట్టి మీటరు నిజం చెప్తోందో లేదో చూసుకుని పనిలోకి దిగుతుంది. అంతా సరిగ్గానే ఉంది.

"నాలుగు పాయింట్ ఒకటి," అంది.

పెన్సిలు కాగితం మీద గీసుకున్న చప్పుడు. అంతే.

"మూడు పాయింట్ తొమ్మిది."

గరగర.

ఆమె ఇంకా వేగంగా చెప్పసాగింది. ఆగితే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. లోపలికి వెళ్తోంది గానీ ఎక్కడా నిలవట్లేదు. అవతలి గోడ తాకీ తాకకుండా తిరిగొచ్చేస్తోంది. ఏడో వరసకి వచ్చింది. "మూడు పాయింట్ తొమ్మిది. మూడు పాయింట్ మూడు. రెండు పాయింట్ ఆరు. రెండు పాయింట్ ఒకటి. రెండు పాయింట్ నాలుగు." ఒకచోట పెన్సిలు ఆగినట్టనిపించింది. తల తిప్పి చూడలేదు. "రెండు పాయింట్ రెండు. రెండు పాయింట్ ఏడు."

పదకొండున్నరకి పని అయిపోయింది. ఎక్కడా రెండు కంటే తగ్గలేదు. ఆమె కాగితం చివర సంతకం గీకి ఆ మాట చెప్పగానే సరంగు లాంచీ ముక్కుని అరచేత్తో తట్టి, "ముసలిదైనా గట్టిదే," అన్నాడు. ఎవరినన్నాడో అని ఆమె ఒక క్షణం అనుమానపడింది. మేస్త్రీ మనుషులు అప్పుడే రంగు డబ్బాలు తెరిచారు.

మొగుడూ పెళ్ళాలు టార్పాలిన్ నీడలో కూర్చుని, డబ్బా విప్పుకుని, మాటల్లేకుండా తిన్నారు. ఆయన అట్ట తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆమె చెక్కకి ఆనుకుని నదిని చూస్తూ కూర్చుంది. నీళ్ళ మీద ఎండ పల్చగా కదులుతోంది. టార్పాలిన్ ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి, కుంగుతోంది. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు.

చీకట్లోకి వెళ్తోంది. నింపాదిగా కాదు, ఎవరో తరుముతున్నట్టు. వెళ్తూనే గోడ తగిలింది. ఇంత దగ్గరా అనుకుని వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. తలుపు తియ్యడానికి ఇంకా ఎవరూ రాలేదు. "వచ్చాను," అంది. చేసేదేమీ లేక మళ్ళీ లోపలికి వెళ్ళింది, మళ్ళీ గోడ తాకింది, మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. "అబ్బ, ఎంత దూరం వెళ్ళొచ్చావు!" అన్నారు. కాదు, దగ్గరే, రెండుసార్లు వెళ్ళొచ్చాను అని చెప్పబోయింది.

మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసింది. భర్త అటు తిరిగి పడుకున్నాడు. అట్ట ఆయన తలకింద నుంచి జారి ఇటు పడి ఉంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసుకుంది.

ఏడో వరస. మూడు పాయింట్ తొమ్మిది, మూడు పాయింట్ మూడు, రెండు పాయింట్ ఆరు, రెండు పాయింట్ ఒకటి. గడి గడికీ అర మిల్లీమీటరో ఆ పైనో తగ్గుతూ వచ్చింది. తర్వాతి గడిలో రెండు పాయింట్ నాలుగు. గుంట అడుగుకి దిగుతూ దిగుతూ మధ్యలో చిన్న గుట్ట. ఆ రెండు పాయింట్ నాలుగు పక్కన, మార్జిన్‌లో, కంటికి ఆనీ ఆనకుండా పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం ఉంది. అచ్చాఫీసులో అనుమానం వచ్చినచోట పెట్టే గుర్తు.

ఆమె వేలు ఆ అంకె మీద ఆగింది. రేకు మరీ పల్చబడితే శబ్దం ఎంత త్వరగా తిరిగొస్తుందంటే, మీటరు వినడానికి ఇంకా సిద్ధమై ఉండదు. ఆ మొదటి రాకని వదిలేసి, రెండోసారి వెళ్ళొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు ఉన్నదానికి రెట్టింపు చూపిస్తుంది. ఆమె ప్రోబు అరిగిన ప్రోబు, ఒకటిన్నర లోపుకి దాన్ని నమ్మకూడదు. ఇది ఆమెకి కొత్త సంగతి కాదు. అంకెలు అలా దిగుతూ పోతుంటే ఆగి, చిన్న ప్రోబు మార్చి, చుట్టూ చూడాలి. రెండు పాయింట్ నాలుగులో సగం, ఒకటి పాయింట్ రెండు.

ఎండలో నుంచి సరంగు పాట వినిపిస్తోంది. లాంచీని నీళ్ళలోకి దించే వించి తాడు బిగిస్తున్నారు. గడియారంలో రెండూ ఇరవై.

"ఏవండీ."

ఆయన లేచి కూర్చున్నాడు. కాగితం వైపు, ఆమె వేలి వైపు చూశాడు.

"ఇది మీకు అప్పుడే అనిపించిందా?"

ఆయన జేబులో చీటీ కోసం తడుముకున్నాడు.

"నోటితో చెప్పండీ, మీకు పుణ్యముంటుంది!"

"అనిపించింది," అన్నాడు. మూడు రోజులు వాడకపోవడం వల్ల గొంతు బొంగురుపోయింది.

"మరి చెప్పరేం?"

"మాట్లాడొద్దన్నావుగా. గుర్తు పెట్టాను. సంతకం పెట్టే ముందు చూస్తావనుకున్నాను. చూడలేదు. అప్పుడు చెప్పాల్సింది. పంతానికి పోయాను."

ఆమె అప్పటికే లేచి నడుస్తోంది.

మేస్త్రీ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది, అందరూ తిని చేతులు కడుక్కున్నాక అన్నంలో రాళ్ళున్నాయన్నట్టు! రంగు కూడా వేసేశాం."

"ఒక్క గడి గీకండి. ఏడో వరస, అయిదోది."

"ఆ గీతలన్నీ రంగు కిందే ఉన్నాయి."

"లాంచీ లోపలి పక్కటెముకలు, ఆ అడ్డ ఇనుప బద్దలు, లెక్కపెడితే దొరుకుతుంది," అన్నాడు భర్త, కాగితం చూపిస్తూ. "వెనక నుంచి మూడోదానికీ నాలుగోదానికీ మధ్య."

సరంగు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. ఇరవై రోజుల కూలి అతనికి రాలేదు. "అంకెలమ్మా, పొద్దున మంచిదన్నావు, ఇప్పుడు చెడ్డదంటున్నావు. ఈలోగా ఇనుము మారిందా, నువ్వు మారావా?"

మేస్త్రీ కూడా అటే చూస్తున్నాడు. బొమ్మలు చూపించే కొత్త మీటర్లతో పట్నం కంపెనీ వాళ్ళు రెండుసార్లు వచ్చి, ఈ పని తమకిమ్మని అడిగి వెళ్ళారని ఆమెకి తెలుసు. మీటరు మొరాయించిందని అనొచ్చు. ప్రోబు అరిగిందని అనొచ్చు, అది నిజం కూడా.

"ఇనుము మారలేదు నాయనా," అంది. "పొద్దున నేనే సరిగ్గా వినలేదు."

భర్త తలెత్తి చూశాడు. ఆమె చూడలేదు. సంచిలోంచి చిన్న ప్రోబు తీసి, మెట్ల దిమ్మలో అన్నిటికంటే పల్చటి మెట్టు మీద ఆనించి సరిచూసుకుంటోంది. మేస్త్రీ గొణుక్కుంటూనే గ్రైండరు తెప్పించాడు. నల్ల రంగు పొడిగా రాలి, రూపాయంత చోట ఇనుము మెరిసింది.

ఆమె గ్లిజరిన్ చుక్క వేసింది. కళ్ళు మూసుకుంది. వెళ్ళింది. గోడ చాలా దగ్గరగా ఉంది. అక్కడే ఒక్క క్షణం నిలబడింది. గరుకుగా, తడిగా ఉన్నట్టుంది. నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"ఒకటి పాయింట్ రెండు," అంది కళ్ళు తెరిచి.

"ఒకటి పాయింట్ రెండు," అన్నాడు భర్త.

ఆమె ప్రోబుని అర అంగుళం జరిపింది.

"సున్నా పాయింట్ తొమ్మిది."

"సున్నా పాయింట్ తొమ్మిది."

"అంత సన్నటి రేకా?" మేస్త్రీ నమ్మలేదు. మొనసుత్తి తీసుకుని, గట్టిగా కూడా కాదు, కిటికీ తట్టినట్టు ఒకసారి తట్టాడు. మొన లోపలికి దిగిపోయింది.

సరంగు పరుగున నిచ్చెన ఎక్కి లాంచీలోకి దిగి, అడుగు చెక్కలు ఎత్తాడు. కింద నుంచి మేస్త్రీ, "ఏం కనిపిస్తోందిరా?" అని అరిచాడు.

"వెలుగు," అన్నాడు సరంగు లోపల్నుంచి. డొల్లలో ఆ మాట తిరిగి తిరిగి వచ్చింది. చేత్తో తడిమి మళ్ళీ అన్నాడు: "ఇక్కడ ఒక రాగి గొట్టం ముక్క పడుంది అన్నా. నీళ్ళలో నాని ఎన్నేళ్ళయిందో. దాని కిందంతా తినేసింది, రాగి తగిలితే ఇనుము ఆగదుగా."

కిందికి దిగాక అతను ఆ రాగి ముక్కని చేతిలో తిప్పుతూ లాంచీ ముక్కు దగ్గరే కూర్చుండిపోయాడు. నలభై మంది అన్నాడు ఒకసారి, ఎవరితోనో తెలీకుండా. తర్వాత ఫోన్ తీసి అవతలి ఒడ్డుకి చేశాడు. "రేపు రాదు. ఆ... రాదు. ఇంకో నాలుగు రోజులు. పిల్లల్ని వంతెన మీదుగా తిప్పి పంపండి. పొద్దున్నే లేవమనండి, ఏం అరిగిపోరు."

మేస్త్రీ రేకు కొయ్యాల్సిన చోట సుద్దతో గీతలు గీశాడు. గీసి, "అంకెలమ్మా, కొత్త రేకు అతికాక మళ్ళీ రావాలి," అన్నాడు. "ఇద్దరూ రండి."

కాగితం దిద్దాలి. ఆమె రెండు పాయింట్ నాలుగుని నల్లగా కొట్టెయ్యబోయింది. భర్త పెన్సిలు అందుకున్నాడు. "అలా కాదు. ఒక్క గీతే. కొట్టేసినా చదవగలిగేట్టు ఉండాలి. పక్కన సరైనది రాసి ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాలి." ఆమె పెట్టింది. ఆయన పెట్టాడు. ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో తుడవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

ఒడ్డు వెంట ఇంటికి నడుస్తున్నారు. సంచి ఆయన భుజాన ఉంది. ఎండ మెత్తబడి, నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగుకి వచ్చాయి. దూరంగా ఎవరో తెప్ప మీద నిలబడి తెడ్డు వేస్తున్నారు. తెడ్డు పడ్డాక చప్పుడు రావడానికి కొంచెం సేపు పడుతోంది. ఎడమ చెవిని అటు తిప్పి ఆమె ఆ కాస్త సేపునీ కొలుస్తూ నడిచింది. కుడివైపు నుంచి ఏ చప్పుడూ రావట్లేదని అప్పుడు గమనించింది, లేక ఒప్పుకుంది.

"ఆ చెవుల డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడు?" అంది.

ఆయన ఏదో అన్నాడు. ఆయన కుడివైపే ఉన్నాడు. గాలి కూడా ఉంది. పెదవులు కదలడం కనిపించింది.

ఏమన్నారని ఆమె అడగలేదు. ఆయన ఆమె వెనక నుంచి ఎడమ పక్కకి మారి, సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, అదే మాట మళ్ళీ అన్నాడు.

"గురువారం."

"గురువారం," అంది ఆమె.